అక్క శుభలేఖల మీద పిడుగురాళ్ళ సున్నం

పెళ్ళిళ్ళు జాతకాల దగ్గర ఆగిపోతాయి, పెట్టుపోతల దగ్గర ఆగిపోతాయి, ఒక్కోసారి పప్పులో ఉప్పు ఎక్కువైన దగ్గర కూడా ఆగిపోతాయి. శుభలేఖ దగ్గర ఆగిపోబోయిన పెళ్ళి మాత్రం, నాకు తెలిసి, పల్నాడు మొత్తం మీద మా అక్కదొక్కటే. ఆ ఘనత పూర్తిగా నాది. అందులో ఎవరికీ వాటా ఇవ్వను. ఎవరూ అడగలేదు కూడా, అది వేరే సంగతి.

అప్పటికి నేను బీయస్సీ పూర్తిచేసి, ఉద్యోగం దానంతటదే అడ్రసు వెతుక్కుంటూ వస్తుందని నరసరావుపేటలో మా వసారాలో కూర్చుని ఎదురుచూస్తున్నాను. అది వచ్చేలోపు ఊరికే ఉండటమెందుకని ఫోనులో వీడియోలు చూసి చేత్తో గ్రీటింగు కార్డులు చేయడం నేర్చుకున్నాను. రబ్బరు స్టాంపుతో బొమ్మ అద్దడం, ఆ తడి ఇంకు మీద బంగారు పొడి చల్లి, వేడి తగిలించి, బొమ్మను ఉబ్బెత్తుగా తేల్చడం, ఎండిన పూలూ పట్టు ముక్కలూ పత్తీ దారాలూ అతికించడం. ఇలా చేతికి దొరికిందల్లా ఒకే కార్డు మీదికి ఎక్కించడాన్ని మిక్స్‌డ్ మీడియా అంటారు. మా అమ్మ దాన్ని చెత్త అనేది.

కొన్ని పుట్టినరోజు కార్డులు చేసి స్నేహితురాళ్ళకు పంపాను. అందరూ "సూపరే!" అన్నారు. స్నేహితురాళ్ళ మాట నమ్మి బాగుపడినవాళ్ళు ఎక్కడా కనపడరు. నేను నమ్మాను.

సరిగ్గా అప్పుడే మా లావణ్యక్క పెళ్ళి కుదిరింది. కుదిరింది అనడం తేలిక. కిరణ్ బావది మాచర్ల, ఉద్యోగం విజయపురి సౌత్‌లో, ఇరిగేషన్ డిపార్టుమెంటు. ఇద్దరూ గుంటూరులో కోచింగులో కలిసి చదువుకున్నారు, ఇష్టపడ్డారు. రెండిళ్ళలో పెద్దలూ సరేనన్నారు. మిగిలింది ఒక్క మనిషి. బావ వాళ్ళ నాయనమ్మ నాగరత్తమ్మగారు. ఆ ఇంట్లో ఆవిడ ఊ అంటేనే పొయ్యి వెలుగుతుంది. ఆవిడకు శకునాల పట్టింపు చానా ఎక్కువ. పెళ్ళిచూపులకని బయలుదేరి, కారంపూడి దగ్గర పిల్లి ఎదురైందని కారు వెనక్కి తిప్పించింది. రెండోసారి క్షేమంగా వచ్చి, కాఫీ గ్లాసు అందుకోబోతుంటే మా వీధిలో కరెంటు పోయింది. "ఎలుగు పోయిందంటే ఆలోచించాల్సిందేనమ్మా," అని వెళ్ళి నెలరోజులు ఆలోచించింది. ఆ నెలంతా మా అక్క కంచం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టేది.

చివరికి ఎలాగో ఒప్పుకుంది గానీ, ఫోనులో నాన్నతో ఒక మాట అంది. "రెండు అపశకునాలు మింగా. మూడోది జరిగితే మాత్రం నన్ను ఏమీ అనబాకండి."

ఆ రోజు అక్క నా రెండు చేతులూ పట్టుకుంది. "ఒసే హారికా, నీకు దణ్ణం పెడతా. ఈ పెళ్ళి అయ్యిందాకా నువ్వేమీ చెయ్యబాకే. ఊరికే కూర్చో. నువ్విచ్చే చదివింపు అదే అనుకుంటా."

ఊరికే కూర్చోవడం చేతనైతే నేను ఇది రాసేదాన్నా?

"నాన్నా, అందరికీ ప్రెస్సు కార్డులే ఇయ్యండి. మాచర్లవాళ్ళ పెద్దలకు మాత్రం నేను చేత్తో చేస్తా. అట్టాంటివి వాళ్ళు జన్మలో చూసుండరు," అన్నాను. ఈ ఒక్క మాటా తర్వాత అక్షరాలా నిజమైంది.

నాన్నకు విత్తనాల కొట్టు. ఏ గింజ మొలుస్తుందో ఏది మొలవదో చూపుతోనే చెప్పే మనిషి. నన్ను మాత్రం ఎప్పుడూ సరిగా అంచనా వేయలేకపోయాడు. సరేనన్నాడు.

మొదట స్టాంపు కావాలి. కోర్టు పక్కన రబ్బరు సీళ్ళు చేసే మస్తాన్ బాబాయ్ దగ్గరికి వెళ్ళి, పురి విప్పిన నెమలి బొమ్మ ఇచ్చాను. ఆయన పుట్టి బుద్ధెరిగాక నోటరీలకూ, హెడ్మాస్టర్లకూ తప్ప ఎవరికీ సీలు చేసి ఎరగడు. బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"చుట్టూ రౌండు యాడ పెట్టమంటావమ్మా?"

"రౌండు వద్దు బాబాయ్. ఉత్త నెమలే."

"రౌండు లేకపోతే అది సీలెట్టా అయిద్ది? ఎవురు నమ్ముతారు?"

"నెమలిని నమ్మేదేంది బాబాయ్?"

ఆయన తల ఊపాడు. తల ఊపితే ఒప్పుకున్నట్టని అనుకున్నాను. సీలు చేతికొచ్చాక చూస్తే నెమలి చుట్టూ రెండు రౌండ్లు, అటొక చుక్క, ఇటొక చుక్క. నెమలి అందులో నిలబడి ఏదో దస్తావేజు మీద సాక్షి సంతకం చేస్తున్నట్టుంది. "డబ్బులు ఎక్కువేమీ తీసుకోలేదులేమ్మా, రౌండు నా తరఫున," అన్నాడు. అంత ప్రేమగా ఇచ్చిన రౌండును కాదనలేకపోయాను.

తర్వాత బంగారు పొడి. దాన్ని కరిగించడానికి వేడిగాలి గన్ను అనే మిషను ఉంటుంది. నా దగ్గర లేదు. అక్క జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు ఉంది. పిచ్చోడి చేతిలో రాయి అంటారు చూశారూ, రాయి ఒక్కసారే తగులుతుంది, డ్రయ్యరు మాత్రం వసారా అంతా తగిలింది. పొడి కరగకుండా లేచి, కొట్టుకు బయలుదేరుతున్న నాన్న తెల్లచొక్కా మీద వాలింది. ఆ పూట కొట్టుకొచ్చిన రైతులంతా, "ఏందయ్యా, ఇవాళ ధగధగలాడిపోతన్నావు?" అని అడిగారట. చివరికి కార్డును దోసె పెనం మీద వెచ్చబెడితే పొడి చక్కగా కరిగి నెమలి బంగారంలా తేలింది. ఆ తర్వాత ఆ పెనం మీద పోసిన దోసెలకు కూడా కొంచెం మెరుపు వచ్చింది. ఎవరూ చనిపోలేదు.

ఇక అసలు విషయానికి వస్తున్నాను. గుండె చిక్కబట్టుకోండి.

కార్డు నాలుగు మూలలా తామరపూలు కావాలనుకున్నాను. ఊరికే అద్దినవి కాదు, వేలితో తడిమితే రేకులు తగలాలి. అందుకు టెక్స్చర్ పేస్టు అని ఒకటి అమ్ముతారు. పువ్వు ఆకారం కోసిన అట్టను కార్డు మీద పెట్టి ఆ తెల్లటి ముద్దను పూస్తే, అట్ట తీశాక పువ్వు పైకి లేచి నిలబడుతుంది. ఫోనులో దాని ధర చూపిస్తే నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఈ బుడ్డికా? ఇంత పెట్టి ఇల్లంతా వెల్ల వేయించొచ్చు గదే!"

వెల్ల అనగానే నా బుర్రలో దీపం వెలిగింది. పెళ్ళికని ఇంటికి వెల్ల వేయిస్తున్నారు. పిడుగురాళ్ళ నుంచి నాన్న స్నేహితుడు పంపిన సున్నం తడిపి పెరట్లో డ్రమ్ము నిండా ఉంది. వెన్న లాంటి సున్నం. సున్నపు బట్టీల పక్కన పుట్టి ఎవరో విదేశీయుల దగ్గర తెల్ల ముద్ద కొనుక్కోవడం ఏం తెలివి? ఎవరికీ చెప్పకుండా ఒక గిన్నెడు సున్నం తీసి, వడ్రంగులు వాడే తెల్ల గమ్ములో కలిపాను. వీడియోలో ఉన్నదానికంటే అందంగా కుదిరింది. నా మీద నాకే గౌరవం కలిగింది.

ఆ గిన్నె మీద చీటీ అంటించి ఇంగ్లీషులో 'టెక్స్చర్ పేస్ట్' అని రాసిపెట్టుకున్నాను. చూడండి, పొరపాటంతా అక్కడే ఉంది. సున్నం అన్నంతసేపూ అది మనకు తెలిసిన వస్తువు. ఇంగ్లీషు పేరు పెట్టగానే నాకు దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ మరుపున పడ్డాయి. రెండు రోజులకు నేనే అది ఎక్కడో ఓడెక్కి వచ్చిందని నమ్మడం మొదలుపెట్టాను. ఆ ఊపులో ఉండగా కిరణ్ బావ వాళ్ళమ్మ ఫోను చేశారు.

"కార్డులు నువ్వే చేస్తన్నావంటగా హారికా?"

"అవునత్తయ్యగారూ! సామానంతా ఫారిన్‌ది."

పక్కనే ఉన్న అమ్మ నావైపు చూసిన చూపును నేను అసూయ అనుకున్నాను.

మాచర్ల వెళ్ళే రోజు పొద్దున్నే అమ్మ పసుపు గిన్నె పట్టుకొచ్చింది. శుభలేఖకు నాలుగు మూలలా పసుపు పెట్టకుండా గడప దాటించకూడదు గదా. నేను కార్డులకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను.

"పసుపు పెడితే నా తామరపూలు ఏమైపోవాలమ్మా? ఇదంతా ఆర్టు!"

"పసుపు లేని శుభలేఖ యాడన్నా ఉంటదంటే?"

"ఐతే అక్కడ పెట్టిద్దాం. నాగరత్తమ్మగారి చేతుల మీదుగా. ఆవిడా సంతోషపడిద్ది."

ఆ చివరి మాటకు అమ్మ పడిపోయింది. నిజంగానే మంచి ఆలోచన అనుకుంది. దేవుడి దగ్గర పెట్టడానికి మాత్రం ఒకటి ఇవ్వమంది. మంచివన్నీ మాచర్లకు లెక్క సరిపోయాయి కాబట్టి, పువ్వులు వేయనిది, నెమలి తోక సగమే పడినది దేవుడికి ఇచ్చాను. ఆయన ఏమీ అనలేదు. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టని సామెత. నేను సున్నాన్ని చంకన పెట్టుకుని, అమ్మానాన్నలతో కారెక్కాను. అక్క గుమ్మంలో నిలబడి, "చేరగానే ఫోను చెయ్యండి," అంది.

మాచర్లలో హాలు నిండా మనుషులు. నాగరత్తమ్మగారు సోఫా మధ్యలో, పక్కన పేపరు పట్టుకుని తాతగారు, ఓ మూల తల వంచుకుని కిరణ్ బావ. అమ్మ తమలపాకులూ పళ్ళూ పెట్టిన పళ్ళెంలో కార్డులుంచి అందించింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పై కార్డు చేతిలోకి తీసుకుంది.

"ఏందీ రౌండు? కోర్టు నోటీసా?"

"నెమలి అమ్మమ్మగారూ!"

"నెమలా? పాపం, ఏం నేరం చేసిందే?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ వేలు తామరపూవు మీదికి జారింది. రేకులు తడిమింది. మొహం విప్పారింది. "ఇది మాత్రం బాగుంది. నిజం పువ్వులాగా లేచొచ్చిందే. దేంతో చేశావు?"

"టెక్స్చర్ పేస్టు అమ్మమ్మగారూ. ఫారిన్‌ది," అన్నాను, హాలంతా వినపడేలా.

"పసుపేదమ్మా మరి?"

"మీ చేతుల మీదుగా పెట్టిద్దామని పెద్దమ్మగారూ," అంది అమ్మ. ఆవిడకు ఆ మర్యాద చానా నచ్చింది. ఆవిడ కోడలు, అంటే బావ వాళ్ళమ్మ, పసుపు తడిపి తెచ్చింది. నాగరత్తమ్మగారు కళ్ళు మూసుకుని ఏదో అనుకుని, వేలు పసుపులో ముంచి, మూలనున్న తామరపూవు మీద నిండుగా రాసింది.

పచ్చటి పసుపు నారింజ రంగైంది. ఎర్రబడింది. చిక్కటి ఎరుపైంది. రేకుల మధ్య నుంచి ఒక ఎర్రటి చుక్క కారి, 'శ్రీరస్తు శుభమస్తు' మీదుగా దిగి, మా అక్క పేరు దగ్గర ఆగింది.

"రత్తం," అన్నారెవరో వెనక నుంచి.

మీరైతే ఏం చేసేవాళ్ళో నాకు తెలియదు. నేను మాత్రం ధైర్యం కోల్పోలేదు. "అమ్మమ్మగారూ, మీ వేలికేమన్నా గాయమైందేమో చూసుకోండి," అన్నాను.

ఆవిడ వేలు చూసుకుంది. అది కూడా ఎర్రగానే ఉంది. కోడలు పరుగున వచ్చి చీర చెంగుతో తుడిచింది. గాయం లేదు.

"ఐతే ఆ ఒక్క కార్డులోనే ఏదో తేడా ఉండుంటది. ఇంకోటి చూడండి!" అన్నాను. ఇంకో కార్డుకు వాళ్ళ కోడలు పెట్టింది. అదీ ఎర్రబడింది. "ఇంకోటి!" అన్నాను. నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. మూడోదాని మూల నుంచి ఎరుపు కారి తమలపాకుల మీద పడింది.

నాగరత్తమ్మగారు కార్డు పళ్ళెంలో పెట్టేసింది. కళ్ళజోడు తీసింది. "పళ్ళెం తియ్యండి," అంది మెల్లిగా.

"పెద్దమ్మగారూ..." అంది అమ్మ.

"మూడోదన్నా. ముందే చెప్పా. తియ్యమ్మా."

అమ్మ చేతిలో ఫోను మోగింది. తెర మీద 'లావణ్య' అని అందరికీ కనపడుతోంది. చేరామో లేదో కనుక్కోవడానికి చేస్తోంది. అమ్మ ఎత్తలేదు, కట్టెయ్యనూ లేదు. కిరణ్ బావ తలెత్తి ఆ ఫోనువైపు చూసిన చూపు చూడలేకపోయాను. అప్పుడు నాకు భయం వేసింది. నిజం భయం. మా అక్క మళ్ళీ మెతుకులు లెక్కపెడుతూ కూర్చుంటుంది, ఈసారి నా వల్ల.

భయంలో బుర్ర పనిచేస్తుందంటారు. పళ్ళెం తీయబోతూ ఆ ఎరుపు నా వేళ్ళకు అంటింది. ఆ రంగు నాకు తెలుసు. చిన్నప్పుడు పిన్ని పెళ్ళిలో ఆవిడ కాళ్ళకు పూయడానికి నేనే చేతులారా కలిపిన రంగు. అంతేనా? కాలేజీలో ఇదే విషయం మీద ప్రాక్టికల్ చేశాను. పసుపుకు క్షారం తగిలితే ఎర్రబడుతుందని పట్టిక గీసి, రంగులద్ది, మార్కులు కొట్టేశాను. హాలులో మిగతావాళ్ళెవరికీ తట్టకపోవడానికి కారణం ఉంది: నేను ఫారిన్‌దని చెప్పాను. విదేశాల నుంచి వచ్చినదాంట్లో సున్నం ఉంటుందని పాపం వాళ్ళెలా అనుకుంటారు?

"అమ్మమ్మగారూ," అన్నాను. "అది ఫారిన్‌ది కాదు."

"మరి?"

"సున్నం."

"ఏం సున్నం?"

"పిడుగురాళ్ళ సున్నం. మా గోడలకు వేసిందే. గమ్ములో కలిపా."

నాన్న పళ్ళ మధ్య నుంచి, "ఇంటికి పద. సున్నంలోకి ఎముక లేకుండా..." అని మొదలుపెట్టి, సున్నం అన్న మాట దగ్గరే ఆగిపోయాడు.

నాగరత్తమ్మగారు కార్డు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. గోటితో రేకు గీకి, అరచేతిలో పసుపుతో రుద్ది, వాసన చూసింది. నావైపు చూసింది.

"ఏం చదివావే నువ్వు?"

"బీయస్సీ అమ్మమ్మగారూ."

"దాంట్లో ఏంది?"

"కెమిస్ట్రీ."

తాతగారు పేపరు దించారు. "అంటే ఏం చదువురా అది?" అని మనవడిని అడిగారు.

అంతవరకూ నోరు విప్పని కిరణ్ బావ, "ఏది దేంతో కలిస్తే ఏమయిద్దో చెప్పే చదువు తాతయ్యా," అన్నాడు.

ముందు నవ్వింది తాతగారే. ఆ తర్వాత ఎవరు నవ్వారో, ఎవరు నవ్వలేదో చెప్పలేను, హాలు హాలంతా దద్దరిల్లిపోయింది. నాగరత్తమ్మగారు మాత్రం పెదాలు బిగబట్టుకుని కూర్చుంది. నవ్వులు సద్దుమణిగాక చెయ్యెత్తింది.

"రత్తమైతే అపశకునం. ఇది పారాణి. పెళ్ళికూతురు కాళ్ళకు పెట్టేది. పారాణి ముందొచ్చింది, పిల్ల ఎనకొస్తది. ఇంతకంటే మంచి శకునం నా ఎనభై ఏళ్ళలో చూళ్ళా." అమ్మ చేతిలో మళ్ళీ మోగుతున్న ఫోను వైపు గడ్డంతో చూపించి, "ఎత్తమ్మా, పిల్ల కంగారు పడతంటది. ముహూర్తానికి మార్పేమీ లేదని చెప్పు," అంది.

అమ్మ ఫోను ఎత్తి, మాట్లాడలేక ఏడ్చింది. అవతల అక్క విషయం తెలియక ఏడ్చింది. కిరణ్ బావ ఫోను అందుకుని సర్దిచెప్పేసరికి వాళ్ళిద్దరికీ అదే మొదటిసారి పెద్దల ముందు మాట్లాడుకోవడమైంది.

అంతా అయ్యాక, నేను గర్వంగా చీర సర్దుకున్నాను. ఎంతైనా మంచి శకునం నా చేతి మీదుగానే వచ్చింది గదా. "మిగతా కార్డులకు కూడా పారాణి పెట్టమంటారా అమ్మమ్మగారూ?" అని అడిగాను.

"పెట్టు. గానీ వియ్యంకుడా," అంది నాన్నతో. "నాదొక్కటే షరతు. పెళ్ళి రోజున ఈ పిల్లను వంటల దగ్గరికి రానియ్యబాక. సున్నం తెచ్చి ఆకుల్లో ఏసి, ఫారిన్ పెరుగంటది."

పెళ్ళి దివ్యంగా జరిగింది. భోజనాల్లో మాచర్లవాళ్ళ బంతికి పెరుగు బకెట్టు రాగానే చేతులన్నీ ఆగిపోయాయి. "హారిక యాడుంది?" అని ఒకరు అరిచారు. నేను ఇటు చివర స్టేజీ మీద ఉన్నానని రూఢి చేసుకున్నాకే కలుపుకున్నారు.

కాబట్టి పాఠకులారా, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. పెరట్లో దొరికే వస్తువుకు ఇంగ్లీషు పేరు పెట్టను. పెట్టినా, దాని అసలు పేరు మరిచిపోను. మరిచిపోయినా, దాన్ని వియ్యంకుల ఇంటికి మోసుకెళ్ళను. నెమళ్ళను రౌండ్లలో బంధించను. ఇదంతా త్రికరణశుద్ధిగా చెబుతున్నానని నమ్మించడానికి, మొన్న మా వసారాలో అమ్మను కూర్చోబెట్టి, చెంబులో నీళ్ళు తెచ్చి, దోసిట్లో పోసుకుని, ఆవిడ కాళ్ళ ముందు ధార వదలబోయాను.

అమ్మ గబుక్కున కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"ఆగవే! ముందు ఆ నీళ్ళల్లో ఏం కలిపావో చెప్పు."